పద్నాలుగో పేజీ చేను

కాయ పగలగొట్టి చూడకుండా ధర చెప్పేవాడు వ్యాపారి కాడు. నేను ముప్పై ఒక్క ఏళ్లుగా వేరుశనగ కొంటున్నాను. మూట పైభాగం చూసి మోసపోయింది రెండుసార్లు, అడుగున చెయ్యిపెట్టి చూసి బాగుపడింది లెక్కలేనన్నిసార్లు. అందుకే, పైన బొమ్మ చూసి లోపలి సరుకు ఏమిటో తేల్చే పద్ధతి ఒకటి ఉందనీ, దానికి ఒక విభాగం, ఒక జీపు, ఒక గుండ్రటి ముద్ర కూడా ఉన్నాయనీ తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యం కంటే గౌరవమే ఎక్కువ కలిగింది. అంత ధైర్యం మా వ్యాపారంలో ఎవరికీ లేదు.

దాని పేరు సచిత్ర వ్యవసాయ అవగాహన విభాగం. పట్నం పిల్లలు బియ్యం చెట్టుకు కాస్తాయని అనుకుంటున్నారని ఎవరో పెద్దమనిషి ఒక సభలో బాధపడ్డారట. బాధ నిజమైనదే. మందు కూడా మంచిదే: ఒకటి, రెండు తరగతుల పిల్లలకు సేద్యం గురించి బొమ్మల పుస్తకం. కాకపోతే ఆ మందు ఏ రోగికి రాశారో మరిచిపోయి, ముందుగా మా నల్లబండపల్లికి పంపారు. ఇక్కడి పిల్లలు అడుగులు వేయడమే చేన్లో నేర్చుకుంటారు.

జూలైలో మా బడి టీచరు హసీనా ఆ పుస్తకం పట్టుకుని నా కొట్టుకు వచ్చింది. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా ఆమె ఒక్కతే చెబుతుంది. అట్టమీద ‘చిట్టి చేతుల చేను’ అని ఉంది. ఇరవై నాలుగు పేజీలు, దళసరి కాగితం, మెరుగు బాగుంది. కాగితం నాణ్యత గురించి నాకు ఫిర్యాదు లేదు.

"శెట్టిగారూ, పద్నాలుగో పేజీ చూడండి. నాకు కళ్లు తిరుగుతున్నాయా, చెట్టే తిరిగిందా?" అంది.

చూశాను. ఆకులు నేలను ఆనుకుని కింద ఉన్నాయి. వాటిమీద, ఆకాశం వైపు ముఖం పెట్టి, గుత్తులు గుత్తులుగా వేరుశనగ కాయలు. కింద పెద్ద అక్షరాల్లో ‘వేరుశనగ మొక్క. కాయలు ఎండలో ఎలా నవ్వుతున్నాయో చూడు’ అని రాశారు.

ఆ బొమ్మ ఎక్కడ పుట్టిందో నాకు వెంటనే అర్థమైంది. మా వైపు పంట పీకిన తర్వాత చెట్లను తలకిందులుగా వరసలు పేరుస్తాం. ఆకు కిందికి, కాయ పైకి. మూడు నాలుగు రోజుల ఎండకు కాయ ఆరుతుంది. అప్పుడు తెంచి మూటలకెత్తుతాం. పోయిన ఏడు సరిగ్గా ఆ రోజుల్లో పట్నం నుంచి ఒక కారు వచ్చి రోడ్డుమీద ఆగింది. లోపలి మనిషి అద్దం నాలుగు వేళ్లంత దించి, మా ఊరి ఓబులమ్మ చేనును ఫొటో తీసుకుని, కూల్‌డ్రింకు ఎక్కడ దొరుకుతుందని నన్ను అడిగి వెళ్లిపోయాడు. ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే అతనికి పది నిమిషాలు ఎండ తగిలేది. అడగనందుకు మాకు తగిలింది.

"పిల్లలు నవ్వుతున్నారండీ. చెట్టు పిల్లిమొగ్గ వేసిందంటాడు ఒకడు. నేను పైకి రాస్తాను, పొరపాటు పడిందని" అంది హసీనా టీచర్.

"రాయమ్మా. రాస్తే తప్పేముంది?" అన్నాను.

తప్పేముందో పది రోజుల్లో తెలిసింది. విభాగం నుంచి జవాబు వచ్చింది. ఆమె నా కొట్టు బల్లమీద పెట్టి చదివి వినిపించింది.

‘సదరు చిత్రము పదకొండుమంది నిపుణులచే ఆమోదించబడినది. చిత్రమునకు, క్షేత్రమునకు మధ్య వ్యత్యాసము కానవచ్చినచో, ముందుగా క్షేత్రమును సరిచూచుకొనవలెను. విద్యార్థుల నవ్వును అవగాహనా లోపముగా పరిగణించి తగు చర్య గైకొనవలెను.’

ఆ చర్య ఏమిటో కూడా ఇంకో కాగితంలో ఉంది. కాయలు భూమిలో కాస్తాయని రాసిన పిల్లవాడికి సున్నా వేయాలి. సెప్టెంబరు ఆఖరి పరీక్షలో, తరగతిలో పదహారుమంది ఉంటే పదహారు సున్నాలు పడ్డాయి. ఒక తండ్రి బడికి వచ్చి, "నా కూతురు నిన్న పొద్దున గూడా సెనక్కాయ చెట్టు పీకి తినింది టీచరమ్మా, ఎందుకు తప్పయితాది?" అని అడిగాడు. "తినేటప్పుడు తప్పు కాదు నాయనా, రాసేటప్పుడే తప్పు" అని ఆమె నెమ్మదిగా చెప్పి పంపించింది.

ఇంతవరకు అయితే ఇది బడి గోడలోపలి సంగతి. ఆ గోడ బయటే ఓబులమ్మ చేను ఉండటం వల్ల కథ బయటికి వచ్చింది.

ఓబులమ్మకు రెండున్నర ఎకరాలు. భర్త తిప్పయ్య బెంగళూరులో ఒక అపార్టుమెంటు దగ్గర కాపలా ఉంటాడు. సేద్యమంతా ఆమెదే. విత్తే ముందు ఆమె మోకాళ్లమీద కూర్చుని చూపుడువేలు భూమిలోకి దించుతుంది. రెండు కణుపుల దాకా తడి తగిలితే "పదునుండాది" అంటుంది. తగలకపోతే లేచి ఇంటికి పోతుంది. విత్తనం మొలవడానికి చాలినంత తడి, అదే పదును. నా కాటా ఎప్పుడైనా అరకిలో తప్పి ఉండవచ్చు, ఆ వేలు తప్పడం నేను చూడలేదు. ఆమె పంట ఏటా నా కాటాకే వస్తుంది. కాబట్టి ఈ వ్యవహారంలో నాకు స్వార్థం లేదని చెప్పను. స్వార్థం లేదని చెప్పే వ్యాపారి దగ్గర ముందు తూకం రాళ్లు చూసుకోవాలి.

అక్టోబరు ఆఖరి వారంలో చేను చూడటానికి వెళ్లాను. నాలుగు మూలల నాలుగు చెట్లు పీకి, కాయ పగలగొట్టి పెంకు లోపల చూశాను. లోపల తెల్లగా ఉంటే పచ్చికాయ, నల్లబడితే పండినట్టు. నల్లగా ఉంది.

"నాలుగైదు రోజుల్లో పీకించు ఓబులమ్మా. ఆలస్యమైతే ఊడలు తెగిపోతాయి."

చెట్టును కాయను కలిపే సన్నటి తీగలు ఊడలు. పంట ముదిరితే అవి కుళ్లి, చెట్టు పీకినా కాయ భూమిలోనే ఉండిపోతుంది. మీద వాన పడితే ఆ కాయ భూమిలోనే మొలకెత్తుతుంది. అప్పుడు నాలాంటివాడు కూడా కొనడు.

"కూలోళ్లకు చెప్పినా అన్నా. బేస్తవారం వస్తాండారు" అంది.

గురువారం పొద్దున కూలీలు వచ్చారు. వాళ్లకంటే ముందు ఎర్ర తాడు వచ్చింది. చేను నాలుగు వైపులా కట్టి, మధ్యలో బోర్డు పాతారు. ‘అనుబంధ క్షేత్రము. పుస్తకం నుంచి పొలానికి కార్యక్రమము. నవంబరు పద్నాలుగున బాలల సందర్శన జరుగునంతవరకు ఏ మొక్కనూ పీకరాదు.’

బడి పక్కన ఏ చేను ఉంటే అది అనుబంధ క్షేత్రమట. పిల్లలు పుస్తకం చేతిలో పట్టుకుని వచ్చి, బొమ్మలో ఉన్నది చేన్లో ఉందో లేదో చూసి గుర్తు పెట్టాలట. ఎన్ని గుర్తులు పడితే ఆ బడికి అన్ని మార్కులు. మరి ఎందుకు పీకకూడదు? పీకితే కాయలు కింద ఉన్నాయని పిల్లల కంటపడుతుంది. అది పుస్తకానికి విరుద్ధం.

ఓబులమ్మ కూలీలను వెంటబెట్టుకుని నా కొట్టుకు వచ్చింది.

"అన్నా, నువ్వు చెప్పు. పద్నాలుగో తేదీ అంటే ఇంగా రెండు వారాలు. అప్పటికి నా చేన్లో ఏముంటాది? ఆకుంటాది. పిల్లకాయలకు ఆకు చూపించేదానికి నేను నాలుగు నెలలు వంగుండానా?"

"ఆఫీసరు రేపు వస్తాడంట. అడుగుదాం."

"అడిగితే ఆయప్ప పుస్తకం తీస్తాడు. నాకు చదువు రాదు."

"ఆ పుస్తకం చదవనక్కర లేదులే" అన్నాను. "అంతా బొమ్మలే."

జిల్లా సమన్వయాధికారి పరాంకుశం గారు శుక్రవారం జీపు దిగారు. చెడ్డమనిషి కాదు. చల్లని మాట, శుభ్రమైన చొక్కా, చంకలో పుస్తకం. పేజీ పేజీకి రంగు కాగితం ముక్కలు గుర్తు పెట్టుకుని వచ్చారు.

"రైతు ఎవరు?" అని అడిగారు.

"నేనే సార్" అంది ఓబులమ్మ.

ఆయన రెండో పేజీ తీసి ఆమె వైపు తిప్పారు. అందులో రైతుకు ఆకుపచ్చ తలపాగా, తెల్ల పంచె, రెండు వైపులా మెలితిరిగిన మీసాలు ఉన్నాయి. ఆయన బొమ్మను చూసి ఆమెను చూశారు, ఆమెను చూసి బొమ్మను చూశారు.

"మీరు మూడో పేజీ అమ్మా. రైతు భార్య. సద్దికుండ మీ నెత్తిన ఉండాలి. రైతు ఎక్కడ?"

"బెంగళూరులో ఉండాడు సార్. కాపలా పని."

"మీసాలు ఉన్నాయా?"

"మీసాలుండాయి సార్. సేద్యమే రాదు. విత్తే గొర్రు యా పక్క పట్టుకోవల్లో తెలీదు."

"సేద్యం గురించి రెండో పేజీలో ఏమీ లేదు. పిలిపించండి" అన్నారు పరాంకుశం గారు.

"సెలవియ్యరు సార్. ఆడ ఇంకో కాపలా మనిషి దొరికేదాకా గేటు దాటనీరు."

పరాంకుశం గారు నిట్టూర్చి చుట్టూ చూశారు. ఆ చూపు నా మీద పడింది. నాకు మీసాలు ఉన్నాయి.

"మీరు ఎవరు?"

"సెనక్కాయలు కొనే వ్యాపారిని సార్."

ఆయన పంతొమ్మిదో పేజీ తీశారు. దాని పేరు ‘దళారి’. కుండలాంటి పొట్ట, పది వేళ్లకు ఉంగరాలు, ఒక కాలు కాటా పళ్లెం మీద. నన్ను పైనుంచి కిందికి చూశారు. నాకు పొట్ట లేదు, ఉంగరాలు లేవు, కాలు చెప్పులో ఉంది.

"మీరు దళారిగా సరిపోరు" అన్నారు కొంచెం నిరాశగా. "మిమ్మల్ని ఈ రూపంలో చూస్తే పిల్లలు గందరగోళానికి లోనవుతారు. మీసాలను బట్టి రైతుగా పరిగణించవచ్చు. తలపాగా విభాగం సమకూరుస్తుంది."

అలా నేను ఒక సంతకంతో, దుక్కి దున్నకుండా, ఒక్క గింజ విత్తకుండా రైతునయ్యాను. ఓబులమ్మ నా భార్యగా కాగితం ఎక్కబోతే, "అన్నా అని పిలిచే మనిషిని ఆడ రాసుకుంటే బాగుండదు సార్" అని ఆమే ఆపింది. దానితో ఆమె ‘రైతు భార్య పాత్రధారిణి’ అయింది.

"సార్, నా చేను సంగతి చెప్పండి" అంది. "పంట ముదిరింది. పీకల్ల."

"పీకడం పుస్తకంలో లేదమ్మా. పదమూడులో కలుపు తీయడం ఉంది. పద్నాలుగులో కాయలు నవ్వుతుంటాయి. పదిహేనులో రైతు నవ్వుతుంటాడు. మధ్యలో ఏమీ లేదు."

"మరి కాయ మూటలోకి ఎట్లొస్తాది సార్?"

"అది పెద్ద తరగతుల పాఠ్యాంశం" అన్నారాయన.

తర్వాత చేను గట్టున నిలబడి, పద్నాలుగో పేజీని మొక్కల పక్కన పెట్టి చాలాసేపు చూశారు. ఆయనకు అసలు చిక్కు అప్పుడు అర్థమైంది. చెట్ల మీద కాయలు లేవు. ఒక్కటి కూడా లేదు. సరిపోలిక సున్నా శాతం.

"ఇది విత్తన లోపం" అన్నారు.

"లోపం కాదు సార్, కాయలు కింద ఉంటాయి. దీని పేరులోనే వేరు ఉంది" అన్నాను.

"మీరు ఇప్పుడు రైతు. నిపుణుల సంఘాన్ని విమర్శించే స్థాయి రైతుకు లేదు." కాసేపు ఆలోచించి, "మీ గోదాములో కాయలు ఉన్నాయి కదా? ముందున్న మూడు సాళ్లకు దారంతో కట్టిద్దాం. చెట్టుకు పన్నెండు చొప్పున. బొమ్మలో పన్నెండే ఉన్నాయి. పద్నాలుగో తేదీకి ముందురోజు కట్టిస్తే తాజాగా ఉంటాయి" అన్నారు.

నేను వ్యాపారిని. నా కాయలు కొంటామని ఎవరు వచ్చినా, నములుకుంటారా నూనె తీస్తారా అని అడగను. కానీ దారంతో కట్టడానికి కొనేవాడు దొరకడం అదే మొదటిసారి. రెండు మూటలకు బేరం కుదిరే వేళకు ఓబులమ్మ నా వైపు చూసింది. తిట్టి ఉంటే ఏదైనా జవాబు చెప్పేవాణ్ని.

ఆ సాయంత్రం బడి దగ్గర హసీనా టీచర్ ఫోను చూసి చెప్పింది. సముద్రంలో వాయుగుండం పుట్టింది. వచ్చే శుక్రవారం నుంచి మా జిల్లాలో పెద్ద వానలట.

అంటే ఏడు రోజులు. పీకడానికి రెండు, ఆరడానికి కనీసం రెండు, కాయ తెంచి మూటలకెత్తడానికి రెండు. ఒక్క రోజు మిగులు. ఎర్ర తాడు మాత్రం ఇంకా పదిహేను రోజులది.

"పైకి ఇంకో ఉత్తరం రాయనా?" అంది టీచర్.

"వద్దమ్మా. మొదటి ఉత్తరానికే పదహారు సున్నాలు వచ్చాయి. ఆ పుస్తకం ఒకసారి ఇయ్యి."

గోదాము అరుగుమీద కూర్చుని పద్నాలుగో పేజీ చూశాను. సరుకును ఎదుటివాడు ఏ పేరుతో అడుగుతాడో ఆ పేరుతో చూపించడం మా వృత్తి. ఆకులు కింద, కాయలు పైన. ఎంతసేపు చూసినా నాకు అది తప్పు బొమ్మగా కనిపించలేదు. పీకిన చేనులాగే కనిపించింది.

శనివారం పొద్దునే పరాంకుశం గారి ఆఫీసుకు వెళ్లాను. తలపాగా కట్టుకునే వెళ్లాను. రైతు వచ్చాడని లోపలికి పంపడానికి గంట పట్టింది. వ్యాపారిగా వెళ్తే ఐదు నిమిషాలు పట్టేది.

"సార్, దారంతో కట్టిస్తే మూడు సాళ్లే సరిపోతాయి. మిగతా చేనంతా పుస్తకానికి ఎదురు తిరిగినట్టే కదా. శాతం ఎంతొస్తుంది?"

ఆయన లెక్క వేశారు. "నాలుగు."

"చేనంతా సరిదిద్దితే?"

"సరిదిద్దడమంటే?"

"ఒక్కొక్క మొక్కను పట్టుకుని, బొమ్మలో ఎట్లా ఉందో అట్లా పెట్టడమే సార్. ఆకులు కిందికి, కాయలు పైకి. దారం అక్కర లేదు. కాయ దాని తల్లికే అంటుకుని ఉంటుంది. రెండున్నర ఎకరాలూ నూరు శాతం."

ఆయన కళ్లద్దాలు తీశారు. "పీకరాదని కదా ఉత్తర్వు?"

"పీకడం కాదు సార్. తిప్పడం."

"మొక్కలు చనిపోతే?"

"బొమ్మలో మొక్క బతికి ఉందని ఎక్కడా రాయలేదు సార్. కాయలు నవ్వుతున్నాయనే ఉంది."

ఆయన పేజీ తిప్పి వెనక, ముందు చూశారు. నిజమే. రాయలేదు.

"జిల్లాలో ఇంకా ఎవరూ నూరు శాతం చూపించలేదు" అన్నారు నెమ్మదిగా. ఆ మాట నాకు తెలుసు. కొనేవాడు సరుకును మొదటిసారి చేతిలోకి తీసుకునే మాట అది.

"ఇంకొక్క ఇబ్బంది సార్. సరిదిద్దిన చేను మూడు రోజులే నవ్వుతుంది. పద్నాలుగో తేదీ దాకా ఆగదు. సందర్శన మంగళవారమే పెట్టుకుంటే అందరికంటే ముందు మీదే అవుతుంది."

మధ్యాహ్నానికి ఉత్తర్వు టైపు అయింది. ‘క్షేత్ర సరిదిద్దుబాటు. రెండు దినములు. ఇరవైమంది కూలీలు. వ్యయము కార్యక్రమ నిధి నుంచి.’ చివరి వాక్యం నేను అడగలేదు. సరిదిద్దుబాటు కాబట్టి అది ప్రభుత్వ పని అని ఆయనే రాశారు.

ఆది, సోమవారాల్లో ఓబులమ్మ చేను పీకారు. పీకినట్టు ఎవరూ పైకి అనలేదు. కూలీలు వరసల్లో వంగి చెట్టు పీకి, మన్ను దులిపి, తలకిందులుగా పేర్చుకుంటూ పోతుంటే, పరాంకుశం గారు పంపిన గుమాస్తా గట్టుమీద నిలబడి ‘సరిదిద్దినవి: ఒకటో సాలు, రెండో సాలు’ అని రాసుకున్నాడు.

"ఏమమ్మోయ్, మా తాత కాలం నుంచి మేం సరిదిద్దుకుంటానే ఉండామే, ఒగరన్నా కూలీ ఇచ్చినారా?" అంది ఒక ముసలామె.

"నోరు మూసుకోని సరిదిద్దు" అంది ఓబులమ్మ. ఆ వారంలో ఆమె నవ్వగా నేను చూసింది అప్పుడే.

మంగళవారం సందర్శన. నేను తలపాగాతో గట్టుమీద, ఓబులమ్మ సద్దికుండతో నా వెనక. కుండ ఖాళీది. "సొంత చేన్లో కాలు పెట్టేదానికి కుండ ఎత్తుకోవల్లంట" అని గొణిగింది. పదహారుమంది పిల్లలు పుస్తకాలు పట్టుకుని వరసలో వచ్చారు. పరాంకుశం గారు ఒక్కో పేజీ చదువుతుంటే గుర్తులు పెట్టారు. రైతు ఉన్నాడు. కుండ ఉంది. ఆకులు కింద ఉన్నాయి. కాయలు పైన ఉన్నాయి. సూర్యుడు ఉన్నాడు, కానీ బొమ్మలో మాదిరి పళ్లు కనబడేలా నవ్వడం లేదు. ఆ ఒక్క అంశంలో సూర్యుడికి సడలింపు ఇచ్చారు.

ఏడో పేజీ దగ్గర కొంచెం ఆగారు. అందులో వాన కురుస్తోంది. నీలం గీతలు, గొడుగు పట్టుకున్న కప్ప.

"వాన ఉందా?" అని గుమాస్తాను అడిగారు.

"ఈ రోజు లేదు సార్. శుక్రవారం వస్తుందని చెబుతున్నారు."

"అయితే ఉన్నట్టే" అని గుర్తు పెట్టించారు.

చివర ఒక పాపను ముందుకు పిలిచి, "వేరుశనగ కాయలు ఎక్కడ కాస్తాయమ్మా?" అని అడిగారు.

ఆ పాప చేతులు కట్టుకుంది. "యా చెట్టుకు సార్? పుస్తకంలో చెట్టుకా, ఓబులమ్మత్త చెట్టుకా?"

"రెండూ ఒకటే కదమ్మా."

"అట్లయితే పైన సార్. కింద అంటే సున్నా పడతాది."

"చూశారా" అన్నారాయన హసీనా టీచర్‌తో. "క్షేత్ర సందర్శన వల్ల ఎంత స్పష్టత వచ్చిందో." టీచర్ తల వంచుకుని పిల్లల వరస సరిచేసింది.

ఆ సాయంత్రమే ధ్రువపత్రం ఇచ్చారు. ‘నల్లబండపల్లి అనుబంధ క్షేత్రము పుస్తకముతో నూరు శాతము సరిపోయినది.’ గుండ్రటి ముద్ర. పంచాయతీ ఆఫీసులో అద్దం కట్టించి పెట్టారు. ఎర్ర తాడు విప్పేశారు. బుధ, గురువారాల్లో కాయలు తెంచి మూటలకెత్తాం. శుక్రవారం మూడు గంటలకు ఆఖరి మూట నా గోదాములో పడింది. నాలుగున్నరకు వాన మొదలై నాలుగు రోజులు వదల్లేదు. చుట్టుపక్కల పద్నాలుగో తేదీ దాకా తాడు కట్టుకుని కూర్చున్న అనుబంధ క్షేత్రాల్లో కాయ కాయకు మొలక వచ్చింది. వాటికి మొలకలు పుస్తకంలో లేనందున మార్కులు తగ్గించారు.

అక్కడితో ఆపితే ఇది నేను గెలిచిన కథ. నా మనసు చాలాకాలం అక్కడితోనే ఆపింది. కూలీ ఖర్చు లేదు, గింజ నష్టం లేదు, చేతిలో ప్రభుత్వ ముద్ర. ఇంత మంచి బేరం నేను ఎన్నడూ చేయలేదని కొట్టుకు వచ్చిన వాళ్లందరికీ చెప్పాను. కానీ ప్రతి బేరానికీ రెండు కొసలు ఉంటాయి. ఒకటి కొట్టులో ఉంటుంది, రెండోది వచ్చే ఏడాదిలో ఉంటుంది.

ఆ మరుసటి ఏడు వాన రాలేదు. జూన్‌లో రెండు చినుకులు, జూలైలో మబ్బులు, ఆగస్టులో అవీ లేవు. ఓబులమ్మ విత్తనాల మూట ఇంట్లో అలాగే ఉంది. వారానికోసారి చేన్లో మోకాళ్లమీద కూర్చుని వేలు దించేది. వేలు మొదటి కణుపు దగ్గరే ఆగిపోయేది. ఊరంతా కలిసి, మా గ్రామాన్ని కరువు గ్రామంగా ప్రకటించి పశువులకు మేత, మనుషులకు పని ఇప్పించమని అర్జీ పెట్టుకుంది. అర్జీ రాసింది హసీనా టీచర్. మొదటి సంతకం నాది.

ఆరు వారాలకు జవాబు వచ్చింది. ఆమె దాన్ని నా కొట్టులోనే విప్పింది. ఓబులమ్మ, ఇంకో నలుగురు వింటున్నారు. ఆమె రెండు వాక్యాలు చదివి ఆగింది. మళ్లీ మొదటినుంచి చదివింది.

‘నల్లబండపల్లి క్షేత్రము పుస్తకముతో నూరు శాతము సరిపోయినట్లు గత సంవత్సరమే ధ్రువీకరించబడి ఉన్నది. సదరు పుస్తకములోని ఏడవ పేజీయందు సమృద్ధిగా వర్షము కురియుచున్నది. కావున గ్రామమున వర్షాభావము గలదని అంగీకరించుటకు వీలుపడదు.’

ఆ ధ్రువపత్రం తెచ్చిపెట్టింది ఎవరో అక్కడ అందరికీ తెలుసు. తెలిసి కూడా ఎవరూ నా వైపు చూడలేదు. వాళ్లు మర్యాద కలవాళ్లు. నేను మాత్రం కాటా పళ్లెం వైపు చూస్తూ కూర్చున్నాను. ఒక రైతుకు ఒక పంట ఇప్పించి, ఒక ఊరికి ఒక కరువు పోగొట్టాను. కరువు లేకుండా చేయడం ఎవరికైనా గొప్పే. వాన లేకుండా కరువును పోగొట్టడం నా ఒక్కడికే చేతనైంది.

"అదేమో ఏడో పేజీ అన్నావే, ఒగసారి చూపియ్యి తల్లీ" అంది ఓబులమ్మ.

హసీనా టీచర్ సంచిలోంచి ‘చిట్టి చేతుల చేను’ తీసి ఏడో పేజీ విప్పి బల్లమీద పెట్టింది. నీలం గీతలు వాలుగా పడుతున్నాయి. గొడుగు కింద కప్ప నవ్వుతోంది. మెరుగు ఇంకా తగ్గలేదు.

ఓబులమ్మ వంగి చూసింది. తర్వాత చూపుడువేలు చాపి, చేన్లో దించినట్టే, వాన కింద ఉన్న నేలమీద గట్టిగా ఒత్తి కాసేపు ఉంచింది. వేలు తీసి బొటనవేలితో రుద్ది చూసుకుంది.

"పదును లేదన్నా" అని లేచి ఇంటికి పోయింది.